కన్ను పడవలసిన చోటు

మా జిల్లా చేనేత విక్రయ మండలి షోరూములో మనిషి కన్ను ఎక్కడ పడాలో నిర్ణయిస్తూ కిందటేడు ఆషాఢంలో ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు కన్ను దానికి తోచినచోట పడేది. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్లుగా నేను ఆ షోరూములో చీరలు పరుస్తున్నాను. కళ్లు అలా విచ్చలవిడిగా తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

దీనికంతటికీ మూలం ఒక బోర్డు.

ఏటా ఉగాదికి బస్టాండు ఎదురుగా మండలి పెద్ద ప్రకటన బోర్డు పెట్టేది. అందులో పద్నాలుగు చీరలు, ఒక మగ్గం, ఒక నెమలి, ఒక కలశం, మేనేజింగ్ డైరెక్టరు గారి ఫోటో, ఆయన కంటే కొంచెం చిన్నదిగా రాట్నం ఉండేవి. కొత్తగా వచ్చిన ఎం.డి. త్రివిక్రమరావు గారికి ఇది నచ్చలేదు. ఫోటో పాత ఎం.డి.ది. కొత్తాయన హైదరాబాదు నుంచి నిహాల్ అనే దృశ్య సలహాదారుని పిలిపించారు. తల నుంచి కాలి దాకా నల్లబట్టల్లో వచ్చిన మనిషి. రంగుల మీద పరిశోధన చేశాడట.

నిహాల్ మా పాత బోర్డు ఫోటోని చాలాసేపు చూశాడు. రోడ్డు ప్రమాదాన్ని చూసినట్టు చూశాడు.

"సర్, ఇందులో కన్ను ఎక్కడ ఆగాలి?" అని అడిగాడు.

"ఎక్కడైనా ఆగొచ్చు," అన్నారు ఎం.డి. గారు ఉదారంగా.

"అదే సర్ ప్రాబ్లం. అన్నిచోట్లా ఆగే కన్ను ఎక్కడా ఆగదు. ఒకటే రంగు, ఒకటే ఫోకస్. మిగతాదంతా బూడిద రంగు. అప్పుడు చీర అరుస్తుంది సర్."

ఎం.డి. గారు ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నారు. అక్కడే ఆపి ఉంటే బాగుండేది.

కొత్త బోర్డు లేచింది. బూడిద గోడ, బూడిద రోడ్డు, బూడిద ముఖంతో ఒక అమ్మాయి. ఆమె ఒంటి మీద ఒక్క ఎర్రచీర. బోర్డు బాగుంది. నాకు ఇష్టం లేకపోయినా ఆ మాట ఒప్పుకోవాలి. బస్సు దిగినవాళ్లు ఒక్క క్షణం నిలబడి చూశారు. ఒక బస్సు డ్రైవరు కూడా చూసి, అరటిపళ్ల బండిని గుద్దాడు. ఆ తరువాత జనం అరటిపళ్లను చూశారు.

ఆ ఎరుపు నాంచారమ్మది. మండలి వెనక ఉన్న అద్దకం షెడ్డులో ఇరవై రెండేళ్లుగా నూలుకి రంగు వేస్తున్న మనిషి ఆమె. మంజిష్ఠ వేరు, కరక్కాయ, పటిక. మూడు రోజులు నానబెట్టి, నాలుగుసార్లు ముంచి, నీడన ఆరబెట్టేది. మా రికార్డుల్లో ఆ రంగుకి ఏదో నంబరు ఉంది. మేమందరం నాంచారమ్మ ఎరుపనే అనేవాళ్లం. బోర్డు మీద ఆమె పేరు లేదు. పేరు పెడితే అక్షరాలు కూడా చూపు లాగుతాయని నిహాల్ చెప్పాడు.

ఆషాఢంలో ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రకటనయందు సాధించిన దృష్టి కేంద్రీకరణను విక్రయశాలయందు కూడా సాధింపవలసియున్నది. కొనుగోలుదారుని ప్రథమ వీక్షణము నిర్దేశిత వస్త్రముపైననే పడునట్లు సిబ్బంది బాధ్యత వహింపవలెను. ఇతర వర్ణములు దృష్టి చౌర్యముగా పరిగణింపబడును."

వారంలో గోడలకు బూడిద రంగు వేశారు. బల్లలు బూడిద. కింద పరుపులు బూడిద. బీరువాల్లో ఉన్న రెండువేల చీరలకు బూడిద తెరలు. వీధి గుమ్మం అద్దానికి నల్లకాగితం అంటించారు, బయట పూలబండి ఉందని. గది మధ్యలో ఒక నిలువుబొమ్మ. దానికి నాంచారమ్మ ఎర్రచీర మడతలు పెట్టి కట్టారు. దాని మీద ఒక పెద్ద లైటు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా.

"మరి మిగతా చీరలు ఎట్టా అమ్మాలి సార్?" అని అడిగాను.

"అమ్మకం అనేది పర్యవసానం అంకమరావు గారూ," అన్నారు ఎం.డి. గారు. "ముందు దృష్టి ఏర్పడాలి."

"ఏర్పడ్డాక?"

"ఏర్పడ్డాక చూద్దాం."

ఇక్కడ మా వృత్తిలోని ఒక ఆచారం చెప్పాలి. చీరల కొట్టులో ఏ ఆడమనిషీ దీపం వెలుతుర్ని నమ్మదు. చీర నచ్చాక, గుమ్మం దాకా పట్టుకెళ్లి ఎండలో చూసుకుంటుంది. అమ్మేవాడు పమిట కొంగు తన భుజం మీదే వేసుకుని వెలుగులోకి తిరిగి నిలబడతాడు. మీసాలున్న మగవాడు గుమ్మంలో పమిట వేసుకుని నిలబడితే మా ఊళ్లో ఎవరూ నవ్వరు. ప్రైవేటు కొట్లలో ఇది రోజూ జరిగే పని. మండలిలో మాత్రం సరుకు గడప దాటరాదని మొదటి నుంచీ నిబంధన. భుజం మీద వేసుకోవడం వరకూ అనుమతి ఉంది. ఎండకి అనుమతి లేదు.

1994 శ్రావణంలో నా భార్య మా షోరూముకే వచ్చి ఒక చీర తీసింది. ఎండలో చూపించమంది. మేనేజరు చూస్తున్నాడు. "నెమలికంఠం రంగే, నేను చెప్తున్నాగా," అన్నాను. ఇంటికి వెళ్లాక అది నాచు రంగు. రెండు రోజులు ఆమె మాట్లాడలేదు. మూడోరోజు, "ఇక మీద ఏ ఆడమనిషి అడిగినా, పక్కన ఎవరున్నా సరే, ఎండలోకి తీసుకెళ్లి చూపించు," అంది. సరేనన్నాను. ఆ చీర ప్రతి శ్రావణ శుక్రవారం కట్టుకునేది, నాకు గుర్తుండాలని. ఆమె పోయి ఏడేళ్లయింది. చీర పెట్టెలో ఉంది. ఇంకా నాచు రంగే.

సరే, కథకి వస్తాను.

చూపులు ఎక్కడ పడుతున్నాయో రాయడానికి నాకు ఒక రిజిస్టరు ఇచ్చారు. దాని పేరు ప్రథమ వీక్షణ నమోదు పుస్తకం. మొదటిరోజు నలభై మంది వచ్చారు. తొమ్మిది మంది చీర వంక చూశారు. పదిహేడు మంది నా తల వంక చూశారు. నాకు బట్టతల. పెద్ద లైటు సరిగ్గా దాని మీద తళుక్కుమంటోంది. పద్నాలుగు మంది ఫ్యాను వంక చూశారు.

నిహాల్ రిజిస్టరు చదివి, "అంకమరావు గారూ, మీరు ఫోకస్‌కి పోటీ వస్తున్నారు," అన్నాడు.

"కావాలని రాలేదండి," అన్నాను.

నాకు బూడిద రంగు టోపీ మంజూరైంది. కదిలే వస్తువు కాబట్టి ఫ్యాను ఆపేశారు. రెండోరోజు ముప్ఫై మంది వచ్చారు. అందరూ ముందు ఆగిపోయిన ఫ్యాను వంకే చూశారు. తరువాత గుమ్మం వంక చూశారు. నిహాల్ గుమ్మానికి లోపలివైపు కూడా బూడిద తెర వేయించాడు. మూడోరోజు ఇద్దరు ఆడవాళ్లు బయటికి వెళ్లే దారి దొరక్క గోడ తడుముకుంటూ తిరిగారు. అలా తిరుగుతూ తిరుగుతూ చీర ముందుకు వచ్చి నిలబడ్డారు. అది విజయంగా నమోదైంది.

గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయ దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. దాని పనే చూపు లాగడం అని నిహాల్ పట్టుబట్టాడు. తీసేస్తే మంచిది కాదని ఎం.డి. గారు జంకారు. చివరికి దాని పసుపూ కుంకుమా కడిగించి, బూడిద గుమ్మడికాయ కాబట్టి రంగు నిబంధనకి లోబడే ఉందని రాసి ఉంచేశారు.

ఆ తరువాత మిగిలిన అడ్డంకి ఒక్కటే. ఖాతాదారులు. వాళ్లు ఇంటి దగ్గర నుంచే రంగులు వేసుకుని వస్తున్నారు. ఒకావిడ పచ్చచీర, తలలో కనకాంబరాలు. ఇంకొకావిడ చేతినిండా గాజులు. రెండో ఉత్తర్వు ప్రకారం గుమ్మంలో ప్రతివాళ్లకీ బూడిద రంగు శాలువా ఇచ్చాం. కప్పుకుంటేనే లోపలికి. బొట్టు గురించి కూడా ఒక పేరా ఉంది. "ఎర్రని బిందువు అత్యంత శక్తిమంతమైన దృష్టి చౌర్య సాధనము" అని. ఆ పేరా అమలు చేసే బాధ్యత నాకిచ్చారు. మొదటి ఆవిడ నా మొహం వంక ఎలా చూసిందో రిజిస్టరులో రాయడానికి గడి లేదు. ఆ పేరా నేను మళ్లీ ఎవరికీ చదవలేదు.

ఆ వారంలోనే గోవిందమ్మ వచ్చింది. పక్కన పల్లె నుంచి, డెబ్బై దాటిన మనిషి, రూపాయి బిళ్లంత బొట్టు. శాలువా కప్పుకుని లోపలికి వచ్చి నాలుగు గోడలూ చూసింది. బూడిద చొక్కాల్లో మౌనంగా నిలబడ్డ మమ్మల్ని చూసింది. శాలువాల్లో మూలకి కూర్చున్న నలుగురు ఆడవాళ్లను చూసింది. నెమ్మదిగా వెళ్లి వాళ్ల పక్కన చతికిలబడింది.

"ఎవరు పోయారయ్యా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ పోలేదమ్మా. ఇది చీరల కొట్టు."

"దాస్తావెందుకు నాయనా. చెప్పు. పెద్దాయనేనా?"

అప్పుడే ఎం.డి. గారు గదిలోంచి బయటికి వచ్చారు. గోవిందమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయన శుబ్బరంగా ఉన్నాడే!" అంది. కాస్త నిరాశపడినట్టు కూడా అనిపించింది.

"ఇది ఫోకస్ తల్లీ," అన్నారు ఎం.డి. గారు.

"అయ్యో. ఎంత వయసు?"

మరునాడు ఆ పల్లె నుంచి ఇద్దరు పెద్దమనుషులు అరడజను కమలాపళ్లతో పరామర్శకి వచ్చారు. కమలాపళ్లను తక్షణం బూడిద గుడ్డ కింద పెట్టించాం.

ఇంత బూడిద రంగు ఎక్కడి నుంచి వస్తుంది? తెరలు, శాలువాలు, చొక్కాలు, పరుపులు, టోపీలు. అద్దకం షెడ్డుకి ఉత్తర్వు వెళ్లింది. ఐదు తొట్లలో నాలుగు బూడిదకి కేటాయించాలి. కార్తీకం నాటికి మండలి మగ్గాల్లో ముప్పాతిక బూడిద గుడ్డే నేస్తున్నాయి. ఆ గుడ్డని మండలే తీసుకుంటోంది. ఉత్పత్తి అంతా వినియోగం కావడం మండలి చరిత్రలో అదే మొదటిసారి అని ఎం.డి. గారు పేపరు వాళ్లకి చెప్పారు.

నేను షెడ్డుకి వెళ్లినప్పుడు నాంచారమ్మ మోచేతుల దాకా బూడిద రంగులో ఉంది. ఇరవై రెండేళ్లలో ఆ చేతులు ఎరుపు తప్పితే ఇంకో రంగులో చూడలేదు.

"అంకమరావన్నా, ఇన్నేళ్లూ రంగు బూడిద తిరక్కుండా ఎట్టా చూసుకోవాల్నో నేర్చుకున్నా. ఇప్పుడు అదే కావాలంటన్నారు," అంది.

"తేలికేగా మరి?"

"యాడ తేలిక? ఆ నల్లబట్టలాయన నిన్నొచ్చి, ఇది వెచ్చటి బూడిద, నాకు చల్లటి బూడిద కావాలన్నాడు. చెయ్యి పెట్టి చూశా. రెండూ చల్లగానే ఉండాయి."

మూలన ఒక తొట్టి మూతపెట్టి ఉంది. ఎర్రది. దాని మీద చెయ్యి వేసి, "దీన్ని మాత్రం తీయనీయనన్నా," అంది. అప్పుడు ఆమె నవ్వలేదు.

మాఘంలో ఎం.డి. గారికి చీర కొంచెం డల్లుగా కనబడింది. "వస్త్రం తన బాధ్యత నిర్వర్తించడం లేదు," అన్నారు. నిహాల్ లైటుకి ఎర్రటి గాజుబిళ్ల బిగించాడు. చీర మళ్లీ భగ్గుమంది. చీరతోపాటు బొమ్మ చెయ్యి కూడా భగ్గుమంది గానీ, దాన్ని చూడవలసిన అవసరం లేదు కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ నెలలోనే హైదరాబాదులో ఏదో ప్రకటనల సంఘం మా షోరూముకి బహుమతి ఇచ్చింది. బహుమతి బంగారు రంగులో ఉంది. బీరువాలో పెట్టి తెర వేశాం.

ఏడాది తిరిగి మళ్లీ ఆషాఢం వచ్చింది. సమీక్షా సమావేశం జరిగింది. టీ కప్పులు అందించడానికి నన్నూ ఉండమన్నారు.

"గత పన్నెండు నెలలలో రంగు చీరల విక్రయం లేదు," అని ఎం.డి. గారు నివేదిక చదివారు. "రంగు చీరలకు గిరాకీ లేదని నిర్ద్వంద్వముగా తేలినందున, మిగిలియున్న ఎరుపు తొట్టిని శ్రావణమాసాంతమున మూసివేయుటకు ప్రతిపాదించడమైనది."

నేను కప్పు కింద పెట్టాను. "సార్, రంగు చీరలు తెర వెనకాల ఉన్నాయి. బయట ఉన్నది ఒక్కటే. అది అమ్మకూడదన్నారు."

"అమ్మితే ఫోకస్ ఏది?" అన్నాడు నిహాల్.

"నాంచారమ్మ ఇంకోటి వేసిస్తుంది."

"రెండు చీరలుంటే రెండు ఫోకస్‌లు. మళ్లీ మొదటికొస్తాం."

"కాబట్టి ఉన్న ఒక్కటీ అమ్మరు. ఒక్కటీ అమ్ముడుపోలేదు కాబట్టి తొట్టి మూస్తారు."

"మీరు విషయాన్ని చక్కగా గ్రహించారు," అన్నారు ఎం.డి. గారు. నన్ను మెచ్చుకున్నట్టు మినిట్స్‌లో రాయించారు కూడా.

శ్రావణమాసం ఆఖరి శుక్రవారం, ఇక బూడిద తొట్లలో చెయ్యి పెట్టనని, నాంచారమ్మ షెడ్డు తాళంచెవి అప్పగించడానికి షోరూముకి వచ్చింది. దృష్టి విధానానికి వాయిదా పడ్డ వార్షికోత్సవం అని ఎం.డి. గారూ నిహాలూ అక్కడే ఉన్నారు. ఆమెకి శాలువా ఇచ్చారు. ఆమె రంగు వేసిన శాలువాయే. సన్మానం కాదు, నిబంధన. కప్పుకుని, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని ఒక మూల నిలబడింది.

అప్పుడు గోవిందమ్మ వచ్చింది.

"ఏడాది మాసికం అయిపోయిందిగా నాయనా? ఇంకా ఈ తెరలేంది?" అని నన్ను మందలించి, నేరుగా బొమ్మ దగ్గరికి నడిచింది. "నాకు ఎర్రచీర కావాలి. నాకు ఈ వయసులో కూడా ఎరుపే ఇష్టం. ఇదిగో, ఇదే ఇయ్యి."

"అది అమ్మకానికి కాదమ్మా," అన్నాడు నిహాల్.

"మరి ఎందుక్కట్టావ్ బొమ్మకి? దానికేమన్నా చలేస్తందా?"

నిహాల్ దగ్గర దీనికి పరిశోధన లేదు.

గోవిందమ్మ చీర కొంగు రెండు వేళ్లతో పట్టుకుంది. లైటు వంక చూసింది. తన చెయ్యి కూడా ఎర్రగా కనిపించడం చూసుకుంది. నా వైపు తిరిగింది.

"ఎండలో చూపియ్యయ్యా."

ఆ మాట ఈ ముప్ఫై ఏళ్లలో కొన్ని వేలసార్లు విన్నాను. ప్రతిసారీ, లైటు కింద చూడండమ్మా, ఇక్కడా అదే రంగు, అన్నాను. ఆ రోజు కూడా నోరు తెరిచాను. నాంచారమ్మ గుప్పిట్లో తాళంచెవి కనబడింది. నోరు మూసుకున్నాను.

బొమ్మ ఒంటి మీద చీర విప్పాను. మడతలు చెదరకుండా పమిట నా భుజం మీద వేసుకున్నాను. గుమ్మం తెర తీశాను.

"అంకమరావు గారూ!" ఎం.డి. గారు కుర్చీలోంచి లేచారు. "ఫోకస్ కదులుతోంది! గడప! గడప!"

గడప దాటాను.

శ్రావణమాసం ఎండ. పూలబండి, ఆటోలు, జామకాయల బుట్టలు, వ్రతానికి సరుకులు కొనుక్కుంటున్న ఆడవాళ్లు. వీధి వీధంతా దృష్టి చౌర్యమే. మా వృత్తి ఆచారం ప్రకారం వెలుగులోకి తిరిగి నిలబడ్డాను. నా టోపీ గాలికి లేచి ఎటో పోయింది.

గోవిందమ్మ దగ్గరికి వచ్చి చూసింది.

"ఇది బూడిదయ్యా," అంది.

కిందికి చూసుకున్నాను. నిజమే. ఏడాదిపాటు రోజుకి పన్నెండు గంటలు ఆ లైటు కింద నిలబడి చీర వెలిసిపోయింది. గాజుబిళ్ల ఎరుపుని ఇన్నాళ్లూ చీర ఎరుపు అనుకున్నాం. మండలిలో తెర బయట మిగిలిన ఒక్క రంగు చీర కూడా నిబంధనకి లోబడింది.

ఎం.డి. గారు గుమ్మంలో ఆగిపోయారు. నిహాల్ ఆయన పక్కన నిలబడ్డాడు.

నాంచారమ్మ వచ్చింది. శాలువా తీసి పక్కన పడేసింది. తాళంచెవి నా జేబులో వేసింది. చీర చెంగు రెండు చేతులా పట్టుకుని, మడత ఒక్కటి విప్పి దులిపింది.

లైటు తగలని లోపలి మడత బయటపడింది. మంజిష్ఠ ఎరుపు. మూడు రోజులు నానిన ఎరుపు. పక్కన బూడిద చార ఉండటం వల్ల అది నిహాల్ మాటల్లో చెప్పాలంటే అరిచింది. ఇంకో మడత విప్పింది. ఇంకోటి. జామకాయల మనిషి తూకం ఆపేశాడు. బేరాలాడుతున్న ఆడవాళ్లు బేరాలు వదిలేసి చుట్టూ మూగారు.

"ఎవరు వేశారే తల్లీ ఇంత ఎరుపు?" అంది గోవిందమ్మ.

"నేనే."

"అమ్మ కడుపు చల్లగా! ఇల్లు యాడ?"

"రైలుగేటు దాటాక రెండో సందు. ఏపచెట్టు పక్కన రేకుల ఇల్లు. నాంచారమ్మంటే ఎవరైనా చెప్తారు."

నిహాల్ మెట్లు దిగి వచ్చి ఆ మడతని చేత్తో తాకి చూశాడు. ఏడాదిన్నరగా ఆ ఎరుపు మీద బతికిన మనిషి. "ఇది మీరు చేశారా?" అని అడిగాడు. అదివరకు అడగాలని తోచలేదు కాబోలు. ఆమె అప్పటికే ముగ్గురు ఆడవాళ్లకి సందు గుర్తులు చెబుతోంది.

ఆ సాయంత్రం రిజిస్టరులో నేను రాశాను: "స్థలము: వీధి. హాజరు: అరవై ముగ్గురు. ప్రథమ వీక్షణము: చీర. అందరూ." పుస్తకం మొదలుపెట్టాక నూటికి నూరు వచ్చింది ఆ ఒక్కరోజే. విధానం పూర్తిగా విజయవంతమైందని ఎం.డి. గారు పైకి నివేదిక పంపారు. సూర్యకాంతిని మండలి ప్రాంగణములో ఏర్పాటు చేసుకొనుటకు గల అవకాశములు పరిశీలనలో ఉన్నాయని అందులో ఉంది.

ఎరుపు తొట్టి అనుకున్న తేదీకే మూశారు. ఉత్తర్వు ఉత్తర్వే. నాంచారమ్మ రేకుల ఇంటి పెరట్లో రెండు రాగి గుండిగలు పొయ్యి మీదికి ఎక్కించింది. మొదటి చీర గోవిందమ్మది. మొన్న అటుగా వెళ్తే పెరడంతా నూలు ఆరేసి ఉంది. లోపలికి రమ్మంది. ఆమె చేతులు మళ్లీ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

నాకు మెమో వచ్చింది. మూడు ప్రశ్నలు.

"ఒకటి. సరుకును గడప దాటించుటకు తమకు ఎవరి ఉత్తర్వు కలదు? రెండు. పని వేళలయందు బహిరంగ ప్రదేశమున చీర ధరించుటకు కారణమేమి? మూడు. మండలి మంజూరు చేసిన టోపీ ఎక్కడ?"

మూడో ప్రశ్నకి, గాలికి పోయింది అని రాశాను. రెండో ప్రశ్నకి, ముప్ఫై రెండేళ్లుగా నా ఉద్యోగం అదే అని రాశాను. మొదటి ప్రశ్నని ఆఖరికి ఉంచుకున్నాను. తరువాత మండలి భాషలోనే రాసి, సంతకం పెట్టి పంపాను.

"నా భార్య ఉత్తర్వు మేరకు. సదరు ఉత్తర్వు 1994 శ్రావణమాసము నాటిది. అమలులో జరిగిన జాప్యమునకు చింతించుచున్నాను."